ఇద్దరు వీరుల బొమ్మల పుస్తకం

అనగనగా ఒక బొమ్మల పుస్తకం, ఆ పుస్తకంలో ఒక ఊరు, బంగారూ. ఆ ఊళ్ళో ఎర్రదుప్పటి కప్పుకుని ఆకాశంలో ఎగిరే వీరుడు ఒకడుండేవాడు. పేరు సోమరాజు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరు కేకేసినా ఎగిరెళ్ళి కాపాడేవాడు.

ఇంట్లో భార్య నరసమాంబ దెప్పేది. "ఊరందరికీ దొరుకుతావు, నాకే దొరకవు" అనేది. సోమరాజుకీ ఒళ్ళు అలిసిపోయింది. ఒక్క పూటైనా ఆవిడ పక్కన తీరిగ్గా కూర్చోవాలని ప్రాణం కొట్టుకునేది.

ఆ బొమ్మల లోకంలో ఒక ఆచారం ఉంది. పాత వీరుడూ కొత్త వీరుడూ ఒక్క పుస్తకంలో కలిసి తిరగాలి. పాతవాడు చేతిలో చెయ్యివేసి తన మూడు శక్తులూ ఒక్కొక్కటే ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఇంటికి పోయి మామూలు మనిషిలా బతకొచ్చు. ఎగిరే శక్తి మాత్రం నేలమీద నిలబడే ఇవ్వాలి.

అప్పుడు కొత్త వీరురాలిగా వైశాలి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల.

"బాబాయ్, ఈ దుప్పటి ఉతికి ఎన్నాళ్ళయింది?" అంది. సోమరాజు పడీపడీ నవ్వాడు.

మొదట ఏరు పొంగింది. సోమరాజు తన బలం ఇచ్చాడు. వైశాలి పెద్ద బండ దొర్లించి గండి పూడ్చింది. ఆ తర్వాత గడ్డివాములు అంటుకున్నాయి. మంటకి కాలని ఒళ్ళు ఇచ్చాడు. వైశాలి లోపలికి దూకి లేగదూడని ఎత్తుకొచ్చింది.

ఇక ఒక్కటే మిగిలింది. ఆమె చెయ్యి పట్టుకుని ఎగురుతూ, "కిందికి దిగుదాం తల్లీ, అదీ ఇచ్చేసి ఇంటికి పోతాను" అన్నాడు.

అప్పుడే కొండమీంచి బడి బస్సు లోయలోకి జారింది. దాన్ని ఎత్తే బలం ఇప్పుడు వైశాలిది. కానీ ఆమెకి ఎగరడం రాదు. దిగే వ్యవధి లేదు.

సోమరాజు గాల్లోనే ఆమె చేతిని గట్టిగా నొక్కాడు.

"మరి నువ్వు బాబాయ్?"

"ముందు పిల్లలమ్మా, పిల్లలు!"

ముప్ఫై ఏళ్ళలో ఆపదలో ఉన్నవాళ్ళతో తనని ఎప్పుడూ కలుపుకోలేదు. ఆ రోజూ అంతే, తన సంగతే మర్చిపోయాడు.

వైశాలి బస్సుని పట్టుకుంది. పిల్లలందరూ బతికారు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆకాశం ఖాళీగా ఉంది.

సాయంత్రం వైశాలి సోమరాజు ఇంటికి వెళ్ళింది. వాకిట్లో అలికిడి విని, నరసమాంబ పొయ్యి ముందునుంచి తల తిప్పకుండానే, "వచ్చావా? కాళ్ళు కడుక్కో. ఇక ఎవరు పిలిచినా నిన్ను పంపించను" అంది.

కానీ గుమ్మంలో ఉన్నది వైశాలి. ఏం చెప్పాలో బాబాయ్ నేర్పలేదు.

కథేమో కంచికి నడిచింది,
కంటికి కునుకు తగిలింది,
పద బంగారూ, మనమూ ఇంటికి.