కోసేసిన పంతొమ్మిది సెకన్లు

నిస్సీకి మైకంటే హడలు.

ఊరికే బెరుకు కాదు. మైకు ముందు కూర్చోగానే నోరు పిడచకట్టుకుపోయేది, అరచేతులు చెమర్చేవి. అలాంటి పిల్ల రేడియోలో ఇంటర్న్‌షిప్‌కు ఎందుకు చేరిందంటే, శబ్దాలంటే ఇష్టం, అంతే. తన గొంతు తప్ప మిగతా శబ్దాలన్నీ ఇష్టం.

ఆ రేడియో చిన్నది. పాత నూనె మిల్లు మేడ మీద రెండు గదులు, చుట్టుపక్కల నలభై ఊళ్ళకు వినబడేంత సత్తువ. నడిపేది దస్తగిరి సారు. ముప్పై ఏళ్ళు పెద్ద రేడియోలో వార్తలు చదివి వచ్చిన మనిషి. ఆయన నమస్కారం చెబితే టీకొట్టు దగ్గర జనం గ్లాసు కింద పెట్టి వినేవాళ్ళు.

చేరిన రోజే ఆయన ఒక షరతు పెట్టాడు.

"రెండు నెలలు ఏ పనన్నా నేర్చుకో పాపా. ఆఖరి శుక్రవారం పదకొండింటికి ఒక్క కార్యక్రమం నీ గొంతుతో పోవాల. పోకుంటే నీ కాగితమ్మీద నేను సంతకం పెట్టను."

ఇంటర్న్‌షిప్ పూర్తయిందనే ఆ కాగితం లేకపోతే హైదరాబాదులో సౌండ్ కోర్సుకు దరఖాస్తు కూడా తీసుకోరు. నిస్సీ తలూపింది. ఆ తర్వాత మైకుకు ఆమడ దూరంలో ఉండే పనులన్నీ వెతుక్కుని మరీ చేసింది. వైర్లు చుట్టింది. ఇతరుల ఇంటర్వ్యూల్లోంచి దగ్గులూ తుమ్ములూ, మధ్యలో దూరిన కోడికూతలూ కోసింది. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు కూడా వచ్చింది. పేరొస్తే ఏం లాభం, క్యాలెండరు ఆగదు కదా.

చివరి వారం సోమవారం దస్తగిరి సారు రికార్డరు ఆమె చేతికిచ్చాడు.

"ఏటిగడ్డపల్లెలో ఓబుళమ్మ అని ఉంది. పోయి మాట్లాడిచ్చుకోని రా."

ఓబుళమ్మ సంగతి తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మూడేళ్ళ కిందట తెల్లారుజామున ఏరు ఊరిమీద పడినప్పుడు ఆమె మొగుడు కొట్టుకుపోయాడు. ఆమె ఒక్కతే చింతచెట్టు కొమ్మ పట్టుకుని బతికింది. అప్పటినుంచి ఆ పొద్దు గురించి ఎవరెన్ని విధాల అడిగినా నోరు విప్పలేదు. పేపరు వాళ్ళనూ ఆఫీసర్లనూ అరుగు దిగువ నుంచే పంపించేసింది.

అలాంటి మనిషి ముందు నిస్సీ వెళ్ళి కూర్చుంది. మైకు పట్టుకున్న చెయ్యి వణికి గాజులు గలగలమన్నాయి.

"అవ్వా, ఆ పొద్దు... ఏరు... ఏరొచ్చినప్పుడు... మీరు..."

అక్కడితో గొంతు పట్టేసింది. చెవుల్లో తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ముసలామె ఏదో గొణిగింది. అదీ అర్థం కాలేదు. ఇక లేచి పారిపోదామనుకునేసరికి ఓబుళమ్మ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"నా మొగుడు చెయ్యి నా చేతిలోనే ఉన్నింది బిడ్డా. నేనే ఇడిసిపెట్టినా. భయమేసి ఇడిసిపెట్టినా."

అరగంట చెప్పింది. నిస్సీ ఇంకో ప్రశ్న అడగలేదు. అడిగే అవసరమూ రాలేదు.

మర్నాడు స్టూడియోలో కంప్యూటరు తెరమీద గొంతులు గీతలుగా పరుచుకున్నాయి. మొదట్లో ఎగుడుదిగుడుగా ఉన్న గీతలు తనవేనని చూడగానే తెలిసింది. ఆ నత్తి వినే ధైర్యం లేదు. హెడ్‌ఫోన్స్ తీసి పక్కనబెట్టి, కంటితోనే కొలిచి, ముసలామె కథ మొదలయ్యేదాకా ఉన్న పంతొమ్మిది సెకన్లు కోసేసింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ రేడియోలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ మాటైనా గాల్లోకి వదిలే ముందు, చెప్పిన మనిషికి వినిపించాలి. వాళ్ళు సరేనంటేనే వెయ్యాలి. బుధవారం సారు స్కూటరు మీద ఇద్దరూ ఏటిగడ్డపల్లె వెళ్ళారు.

ఓబుళమ్మ కళ్ళు మూసుకుని కాసేపు విని, చాలన్నట్టు చెయ్యెత్తింది.

"నువ్వు యాడబోయినావు?"

"నేనా అవ్వా?"

"నువ్వే. నేను నీతో చెప్పుకున్నా. ఇందులో నువ్వు ల్యాకుండా పోయినావు. పోలీసోళ్ళ ముందర నేరం ఒప్పుకున్నట్టుండాది. ఇది వద్దు."

తిరిగొచ్చి మేడ మెట్లు ఎక్కుతూ నిస్సీ అడిగేసింది.

"సార్, ఆ ప్రశ్న మీరు చదవరా? మీ గొంతుతో అతికిస్తాను. అవ్వ ఒప్పుకుంటుంది."

కాదంటాడనుకుంది. ఆయన చెప్పులు విప్పి, మైకు గదిలో కూర్చుని, ఒక్కసారికే చదివేశాడు. "అమ్మా, ఏరు పొంగిన ఆ పొద్దు ఏం జరిగిందో మాతో చెప్పుకుంటారా?" నెయ్యి పోసినట్టు ఉంది గొంతు. నిస్సీ మురిసిపోయి అతికించింది. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టలేరు.

గురువారం మళ్ళీ వెళ్ళారు. నిస్సీ కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని వినిపించింది. సారు గొంతు వినగానే ఓబుళమ్మ కళ్ళు తెరిచింది.

"ఈ గొంతు నాకెరికే. సారూ, మీరు నా కాడికి ఎన్నితూర్లు వస్తిరి?"

"మూడుతూర్లమ్మా."

"నేనేం జేస్తి?"

"తలుపేసుకుంటివి."

"మరి ఇందులోకి యట్లొచ్చినారు? వద్దు. ఈ మాటలు నాతోనే పోనీ."

ఆమె కొంగు దులుపుకుని లేవబోయింది. రేపు పదకొండింటికి కార్యక్రమం లేదు, సంతకం లేదు. అంతకన్నా ఘోరం, మూడేళ్ళు దాచుకుని తన చేతిలో పెట్టిన మాటను ఆ ముసలామె తిరిగి మింగేస్తోంది. తన వల్లే.

"సార్," అంది, ఏడుపు గొంతుతో. "మూడుసార్లూ మీకెందుకు చెప్పలేదు?"

దస్తగిరి సారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నా గొంతు వణకదు పాపా."

నిస్సీ ఆయన వైపు చూసింది. తర్వాత ముసలామె చేతివైపు చూసింది, సోమవారం తన మణికట్టు పట్టుకున్న చెయ్యి. అసలు రికార్డింగు ఇంకా కంప్యూటరులోనే ఉంది. దాన్ని తెరిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తను కంటితో కోసేసిన పంతొమ్మిది సెకన్లు మొదటిసారి చెవితో విన్నది.

గాజుల గలగల. తన గొంతు. ఏరు... ఏరొచ్చినప్పుడు... మీరు... అప్పుడు చాలా మెల్లగా, ఓబుళమ్మ.

"నీకూ భయమేనా బిడ్డా? అట్లయితే నీకు చెప్తా."

నిస్సీ హెడ్‌ఫోన్స్ పిన్ను లాగేసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. తన నత్తీ తన వణుకూ వసారా అంతా వినబడ్డాయి. గడపలో పొరుగింటామె నిలబడి వింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా నిస్సీ ఆపలేదు.

లేవబోయిన ఓబుళమ్మ మళ్ళీ కూర్చుంది. అంతా విన్నది. చివర్న కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇది ఎయ్యండి" అంది.

స్కూటరు ఏటి వంతెన ఎక్కింది. కింద ఇసుకే తప్ప నీళ్ళు లేవు.

"రేపు మొదట్లో నాలుగు మాటలు లైవులో నువ్వే చెప్పాల," అన్నాడు సారు, వెనక్కి తిరక్కుండానే.

"భయంగా ఉంది సార్."

"ఉండనీ."