మహారాజుగారి వంశం

వరద వచ్చిన దగ్గర్నుంచీ చిదంబరానికి ముద్ద దిగడంలేదు. వరదంటే మామూలు వరదా, చందమామ పాదాలు తడిసేంత వరద.

ఆశ్రమానికి ఉన్నది ఒక్కటే మరపడవ. అది గోదావరి లంకలన్నీ చుట్టి, బియ్యం పంచి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. ఏ లంక తర్వాత ఏ లంకకి వెళ్ళాలో చిదంబరం కంప్యూటర్ని అడిగాడు. ఎన్నిసార్లు అడిగినా గవ్వలలంక ఒక్కటీ మిగిలిపోతోంది. అక్కడ నిన్నటినుంచీ పొయ్యి వెలగలేదు.

గురువు శాంతగిరి స్వామి ఒకప్పుడు కాలేజీలో కంప్యూటర్లు చెప్పినవాడే. ఇప్పుడు వసారాలో కూర్చుని, లంకల్లో పిల్లల కోసం జంతికలు డబ్బాకెత్తుతున్నాడు.

"ఏరా, మొహం అలా వేలాడేశావు?"

"మీరు నేర్పినట్టే చేశాను స్వామీ. కంప్యూటర్లో వేల దారులు పుట్టించాను. మంచివాటికి పెళ్ళిళ్ళు చేసి, దీంట్లో సగం దాంట్లో సగం కలిపాను. వాటి పిల్లల్లో మంచివి ఉంచుకుని మిగతావి తీసేశాను. చివరికి మహారాజులాంటి దారి ఒకటి పుట్టింది. అక్కణ్ణుంచి ఎన్ని తరాలు తిప్పినా అన్నిటికీ వాడి ముక్కే."

ముక్కంటే అలాంటిలాంటి పోలిక కాదు. ఆ మునిమనవల్ని కన్నతల్లి కూడా విడదీసి పిలవలేదు.

"పిల్లదారి పుట్టేటప్పుడు ఎక్కడో ఒక లంక అటూ ఇటూ చెయ్యమన్నానే?"

"మొదట్లో చేశాను. మహారాజు చెడిపోతాడేమోనని ఆపేశాను."

స్వామి సర్దమని జంతికల డబ్బా అతని ముందుకి తోశాడు.

చిదంబరం ఒక్కో జంతికా పూలు పేర్చినట్టు పేర్చాడు. డబ్బా అంచుదాకా నిండింది. పళ్ళెంలో ఇంకా మిగిలాయి.

"ఇక పట్టవు స్వామీ. ఇంతకన్నా బాగా ఎవరూ సర్దలేరు."

"అవును, బాగా సర్దావు."

అంటూనే స్వామి డబ్బా ఎత్తి గచ్చుమీద దబదబా కుదేశాడు. భూకంపం వచ్చిందనుకుని ఆశ్రమం ఆవు తాడు తెంపుకుంది.

"విరిగిపోతాయి స్వామీ."

కొన్ని విరిగాయి కూడా. మిగతావి ఒరిగి, ఒకదాని సందులోకి ఒకటి జారి, కిందికి దిగాయి. పళ్ళెంలోవి పైన పోశాడు. పట్టాయి. మూత పెట్టాడు.

"కూర్చున్నవాళ్ళు కాస్త కదిలితేనే గదరా, నించున్నవాళ్ళకి చోటు."

చిదంబరం విరిగిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళాడు. లంకల్ని అటూ ఇటూ చేసే వంకర పుట్టుకలకి తను వేసిన గడియ తీశాడు. మహారాజు దారిలోనే లంకలు తారుమారవుతుంటే కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పడవ కొత్త దారి పట్టింది. పొద్దుగూకే వేళకి గవ్వలలంక మీద వంటపొగ లేచింది. ఆ పొగకి మబ్బులు దగ్గాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.