తీగ వాటా పువ్వు

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, వాగు తనకి తోచిన దారిన పోయే రోజుల్లో, ఒక ఊళ్లో గవరమ్మ ఉండేది. ఇంటింటికీ వెళ్లి వడ్లు దంచి బతికేది. ఆమెకో తాటాకు గుడిసె, గోడలో ఒక గూడు, గూట్లో నున్నటి రాయి. ఆ రాయే ఆమె వెంకన్న. పెరట్లో మూడు తీగలు. బీర, సొర, గుమ్మడి.

తెల్లారగానే, మంచు ఇంకా పెరటి మీద పడుకునుండగానే, బుట్ట పట్టుకుని వెళ్లేది. ప్రతి తీగనీ అడిగేది. "అమ్మా, దేవుడికిస్తావా?" ఆకు కదిలేదాకా నిలబడేది. కదిలాకే కోసేది. ఒక్క పువ్వు మాత్రం తీగకే ఉంచేది.

"అన్నీ కొయ్యవేమే?" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

"దాని పూజ అది చేసుకోవద్దా?" అనేది గవరమ్మ.

ఒక ఏడు వాన రాలేదు. మరో ఏడూ రాలేదు. మూడో ఏడు ఊరంతా కూడి మొక్కుకుంది. వాన పడేదాకా ఏ పెరట్లో పూసిన పువ్వైనా ఆ ఇంటి దేవుడికే. ఒక్కటి మిగిలినా మొక్కు చెల్లదు. తాగే నీళ్లు తీగలకి పోశారు. పూసిందల్లా కోశారు. పూలలో దేవుళ్ల ముఖాలే కనపడకుండా పోయాయి.

గవరమ్మ మాత్రం తీగకొకటి ఉంచింది.

ఊరిపెద్ద పెద్దనాయుడు వచ్చాడు. "గవరమ్మా, ఆ మూడూ కోసెయ్యి. ఊరి కోసం."

"తీగ ఇస్తే కోస్తాను బాబూ." వెళ్లి తీగనడిగింది. ఆకు కదల్లేదు.

మళ్లీ వచ్చాడు. "గాలి లేక కదల్లేదే పిచ్చిదానా!"

"గాలిని పంపేది మాత్రం ఎవరు బాబూ?"

మూడోసారి మండిపడుతూ వచ్చాడు. ఒకరి పెరటి పువ్వు దొంగిలించి పెడితే దేవుడికి చెల్లదని ఆయనకి తెలుసు. అందుకే చెయ్యి పెట్టలేదు, నోరు పెట్టాడు. "వాన ఆగింది నీ వల్లే. ఇక ఏ ఇంటా నీకు రోకలి ఇవ్వరు!"

ఇవ్వలేదు. ఒక్క ఇల్లూ ఇవ్వలేదు.

గవరమ్మ గుమ్మడాకులు ఉడకేసుకు తింది. ఉంచిన పూలు పిందెలయ్యాయి, పిందెలు కాయలయ్యాయి. కడుపు కాలుతున్నా కోయలేదు. అవి తీగవి. ఒక మధ్యాహ్నం ఆకలికి కళ్లు మూతపడ్డాయి. మూడు తీగలూ మెల్లగా గుడిసెలోకి నడిచొచ్చినట్టు, వెంకన్న పక్కకి జరిగి గూట్లో వాటికి చోటిచ్చినట్టు కనిపించింది. కళ్లు తెరిచి నవ్వుకుంది. కాయలు తీగ మీదే ఎండాయి.

పూలకి వచ్చిందో, విసిగి వచ్చిందో, వాన వచ్చింది.

పొలం పండేదాకా పెరటి కాయలే దిక్కు. జనం విత్తనాల కుండలు బోర్లించారు. ఒక్క గింజ లేదు. పువ్వు మిగల్చని ఊళ్లో కాయెక్కడిది? కాయ లేని చోట గింజెక్కడిది?

ఊరంతా గవరమ్మ దడి దగ్గరికి వచ్చింది. ఆమె చాప మీద నుంచి లేవలేకపోయింది.

"తల్లీ, విత్తనం పెట్టు," అన్నాడు పెద్దనాయుడు.

"నన్నడుగుతావేం బాబూ? తీగది. తీగనడుగు."

పెద్దనాయుడు వానలో నిలబడ్డాడు. ఎండిన తీగకి చేతులు జోడించాడు. "అమ్మా, ఇస్తావా?"

ఎవరూ నవ్వలేదు. ఎండుటాకు మీద ఒక చినుకు పడింది. ఆకు కదిలింది.

ఎండుకాయలు పగలగొట్టి ఇంటింటికీ గింజలు పంచుకున్నారు. గవరమ్మకి గంజి తెచ్చారు. రెండు గుక్కలు తాగింది. మొలకలు రాకముందే పోయింది. ఆమెని చంపింది కరువు కాదు, మూసిన తలుపులు. ఆ సంగతి ఊరికి తెలుసు. దాచుకోదు కూడా.

ఇప్పటికీ ఆ ఊళ్లో తెల్లారి పూలు కోసే చెయ్యి చివరి పువ్వు దగ్గర ఆగుతుంది. కొత్త కోడలు తెలియక చాపితే, అత్తే పట్టుకుని, "అది గవరమ్మదే, ఉంచు," అంటుంది. పండగనాడైనా సరే, ఆ ఊళ్లో పూజ పళ్లెం అంచుదాకా నిండదు. తక్కువైందని ఏ దేవుడూ అనలేదు.