ఎర్రనీటి నాటి నైవేద్యం

“స్వామీ, భక్తి ఉన్నచోట అనుమానానికి తావుంటుందా?” అని శిష్యుడు పరంధామం అడిగాడు. గురువుగారు వాదానికి దిగే మనిషి కారు. ఎవరేమడిగినా తామెరిగిన సంగతొకటి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు గరికిన ఎర్రమ్మ సంగతి చెప్పారు.

సముద్రపొడ్డున జాలర్ల పేట. గంగమ్మ పండగనాడు ఆల్చిప్పల కూర వండి, అమ్మోరికి పెట్టి, ఆ ప్రసాదమే పేటంతా తింటారు. మొగుడు పోయిన ఆడదాని చేత ఆ కూర వండించరు. ఎర్రమ్మకీ మొగుడు లేడు, అయినా ఊరుకునే రకమా? “అమ్మోరికి మాత్రం మొగుడేడీ? ఆవిడ చేతి వరాలు మీకు పనికిరావట్లేదా?” అని ఏళ్ల తరబడి పోట్లాడి, చివరికి ఆ పొయ్యి దక్కించుకుంది. ఏ తప్పొచ్చినా మళ్లీ పొయ్యి దరికి రానివ్వనని కులపెద్ద పోలయ్య ముందే చెప్పాడు.

సరిగ్గా పండగ ముందురోజు సముద్రం ఎర్రబారింది. అమ్మోరు కుంకుమ కడుక్కుందని జనం పొంగిపోయి, ఆ నీళ్లలోంచే బుట్టలకొద్దీ చిప్పలు ఏరుకొచ్చారు. ఎర్రమ్మ కూడా దండం పెట్టుకుంది. తెల్లారి చూస్తే ఒడ్డు పొడుగునా చచ్చిన చేపలు. కుంకుమైతే చేపలెందుకు చస్తాయి? కూర ఉడుకుతున్నంతసేపూ ఆవిడ మనసు మనసులో లేదు.

అమ్మోరికి పెట్టేదాకా ఆ కూర రుచి చూడకూడదు. వాసన కూడా తగలకుండా మూతికి గుడ్డ కట్టుకుని వండాలి. ఎర్రమ్మ అందరి ఎదుటా ఆ గుడ్డ లాగేసి, కాస్త పులుసు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. కాసేపటికి పెదాలు తిమ్మిరెక్కాయి. నాలుక మొద్దుబారింది. ఇక ఆగలేదు, గుండిగను ఇసకలోకి దొర్లించేసింది.

“ఓలమ్మో! ఏటి సేసినావే! నైవేద్యం ఎంగిలి సేసినావా!” అని పోలయ్య కర్ర ఎత్తాడు.

“కొట్టు మావా! నీ దెబ్బలు తిన్నా బతుకుతాను. ఆ కూర తింటే ఎవులూ బతకరు,” అంది తడబడే నాలుకతో.

ఎవరూ నమ్మలేదు. పేట వదిలి పొమ్మన్నారు. అంతలో పక్క పేట నుంచి ఆసుపత్రికి పోయే ఆటోలు కేకలతో దూసుకొచ్చాయి. వాటిలో, పొద్దున్నే ఆ ఎర్రనీటి చిప్పలే తిన్నవాళ్లు, కాళ్లు నిలవక, ఊపిరాడక ఒకరిమీదొకరు ఒరిగిపోయి ఉన్నారు. వేళకు ఆసుపత్రికి చేరారు గనక ప్రాణాలు దక్కాయి. నీళ్లలో కంటికి ఆనని విషపు నాచు పెరిగిందనీ, అది తిన్న చిప్పల్లో చేరిన విషం ఎంత ఉడికించినా పోదనీ డాక్టర్లు చెప్పారు. ఎర్రమ్మనూ చూపించారు. ఉమ్మేసింది గనక ఆవిడ తిమ్మిరి సాయంత్రానికి దిగింది.

పోలయ్య కర్ర పారేసి డప్పు అందుకున్నాడు. పేటంతా కలిసి ఎర్రమ్మను భుజాలకెత్తుకుని గుడి చుట్టూ ఊరేగించింది. “దించండ్రా, పడేత్తారు!” అని ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ అరుస్తుంటే వినేవాడెవడు! ఆ పొయ్యి ఇక ఎప్పటికీ ఆవిడదేనని పోలయ్యే గొంతెత్తి చాటాడు.

అంతా విని పరంధామం, “అయితే స్వామీ, ఆ పండక్కి అమ్మవారు పస్తేనా?” అన్నాడు.

గురువుగారు నవ్వారు. “పేటలో ఒక్క ప్రాణం పోలేదు కదయ్యా. ఆవిడ కడుపు నిండిందో లేదో నువ్వే చెప్పు.”