నీలవేణి అడిగిన ఫొటో

దేవసహాయం మాస్టారు తన పని చూసి ఒక్క మాటా అనకపోవడం మేదినిని నాలుగు వారాలుగా తొలిచేస్తోంది.

బందరులో ఆయన ఫొటో స్టూడియోలో ఆరేళ్లుగా పని నేర్చుకుంటోంది. మాస్టారు ఒకప్పుడు నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు, ముడతలు దిద్దే టచింగ్ చేసినవారు. చెయ్యి వణుకుతోందని కంప్యూటరు మేదినికి అప్పగించి, తాను కెమెరా దగ్గర ఉండిపోయారు. కిందటి నెల ఒక చీరల కొట్టువాళ్లు ప్రకటన కోసం ఫొటో కావాలన్నారు. ఇంటర్ చదివే నీలవేణి అనే అమ్మాయిని నిలబెట్టి మాస్టారే తీశారు. టచింగ్ అంతా మేదినిది. ఇప్పుడా బొమ్మ బస్టాండు ఎదురుగా రెండంతస్తుల ఎత్తు బోర్డు మీద ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు.

చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

“మాస్టారూ, ఆ బోర్డులో లోపం ఏమైనా ఉందా?”

ఆయన లెన్సు తుడుస్తూనే, “ఒక్కటీ కనబడలేదమ్మా,” అన్నారు. “రోజూ వెళ్లి వెతుకుతున్నాను.”

అది మెచ్చుకోలో మరొకటో మేదినికి అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమే నీలవేణి స్టూడియోకి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, “అక్కా, నా ఫొటో ఒకటి ఇస్తావా? బోర్డు మీద ఉన్నదే. అద్దం పక్కన అంటించుకుంటాను,” అంది.

“ఎందుకూ?” అంది మేదిని.

“మళ్లీ అలా అవ్వాలి కదా. ఆ రోజు అలా ఉన్నాను. ఇప్పుడు చూడు, ఎలా అయిపోయానో! బోర్డు మీద ఉన్నది నువ్వేనా అని కాలేజీలో అందరూ ఒకటే అడగడం. అమ్మేమో నువ్వెప్పుడూ అలా లేవే అంటుంది. అమ్మకేం తెలుస్తుంది? మూడు వారాల నుంచి ఒక్కపూటే తింటున్నా. ఆ నడుము మాత్రం రావడం లేదు.”

మాట పూర్తికాకుండానే గోడ పట్టుకుంది. మాస్టారు గబగబా కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. మంచినీళ్లు తాగించారు. తన టిఫిను డబ్బా తెచ్చి ఆమె పక్కన స్టూలు మీద పెట్టారు. మూత మాత్రం తీయలేదు.

తర్వాత ఇంకో కుర్చీ తెచ్చి నీలవేణికి ఎదురుగా వేశారు.

“కూర్చో మేదినీ. ఆ బొమ్మలో నువ్వేం చేశావో ఈ అమ్మాయితో చెప్పు.”

“ఇప్పుడా మాస్టారూ?”

“ఇప్పుడే. తన మొహం చూస్తూ చెప్పు.”

మేదిని కూర్చుంది. కంప్యూటరు ముందు ఒక్క గంట పట్టిన పని. ఒక్కో గీతా ఎక్కడ వంచిందో, ఎక్కడ చెరిపిందో అంతా గుర్తుంది. కానీ ఎదురుగా రెండు కళ్లు తననే చూస్తుంటే నోరు పెగలలేదు. మాస్టారు తొందరపెట్టలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“నడుము...” అంది చివరికి. “నడుము నేనే తగ్గించాను.”

“ఎంత?” అంది నీలవేణి.

మేదిని రెండు చేతులూ ఎడంగా పెట్టి, దగ్గరికి తెచ్చి చూపించింది. నీలవేణి ఆ చేతుల మధ్య జాగావైపు చూస్తూ ఉండిపోయింది.

“ఇంకా?”

“భుజాలు సన్నం చేశాను. ఒంటి రంగు తెల్లగా చేశాను. దవడ కింద పుట్టుమచ్చ తీసేశాను.”

నీలవేణి చెయ్యి దానంతటదే దవడ కిందికి వెళ్లింది. “అది మా నాయనమ్మకీ ఉంది,” అంది.

మేదిని తల దించుకుంది.

“అయితే అక్కా, ఆ రోజు కూడా నేను అలా లేనా?”

“లేవు. నువ్వే కాదు, అలా ఎవరూ లేరు.”

“మరి నేను ఇన్నాళ్లూ...” అని నీలవేణి ఆగిపోయింది. కాసేపటికి డబ్బా మూత తనే తీసింది. రెండు ఇడ్లీలున్నాయి. ఒకటి నెమ్మదిగా తిన్నది. కొంచెం ఆలోచించి రెండోదీ తీసుకుంది. లేచేటప్పుడు ఫొటో సంగతి ఎత్తలేదు. మేదిని మెట్ల దాకా వెళ్లి, చెయ్యి పట్టుకుని కిందికి దింపి, ఆటో ఎక్కించి వచ్చింది.

వస్తూనే చీరల కొట్టుకి ఫోను చేసింది. ఆ బోర్డు దింపేయమని, అసలు ఫొటో పంపిస్తానని చెప్పింది. అవతల వాళ్లు కుదరదన్నారు. అయితే ఇకముందు వాళ్ల పని తాను చేయనని చెప్పి ఫోను పెట్టేసింది. మాస్టారు వైపు తిరిగింది.

“మాస్టారూ, నేను చేస్తున్నప్పుడే వద్దని ఎందుకు చెప్పలేదు?”

ఆయన తన వేళ్లవైపు చూసుకున్నారు.

“ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాని పని, చాటున చెయ్యి ఎలా చేసేస్తుందో నాకూ తెలియదమ్మా,” అన్నారు. “నలభై ఏళ్లు నేనూ చేశాను.”