నవ్వినందుకు ఆగిన సాయం

వెనకటికి సముద్రపు ఒడ్డున మకరపురి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ధవళకేతుడు చెడ్డవాడు కాడు గాని, ముఖం చూసి మనసులో మాట చెప్పేయగలనని ఆయనకు గట్టి నమ్మకం. ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవడం ఇంకా ఇష్టం.

ఒక ఏడు గాలివాన వచ్చి కోతకొచ్చిన వరిని నీళ్లపాలు చేసింది. ఊళ్లలో ఇళ్లు కూలాయి. రాజుగారి కొలువుకూటం పైకప్పు కూడా సగం ఎగిరిపోయింది. రైతులకు ఖజానా నుంచి సాయం ఇమ్మన్నాడు రాజు. అయితే నష్టపోనివాళ్లు కూడా వరుసలో చేరతారేమోనని ఒక ఆజ్ఞ జోడించాడు.

“నష్టపోయినవాడి ముఖాన నవ్వుండదు. నవ్వినవాళ్లను వెనక్కి పంపేయండి.”

ఆస్థాన విదూషకుడు జోగన్న సాయం పంచే చోటికి వెళ్లేసరికి, పైడమ్మ అనే ముసలి రైతమ్మను నవ్విందని వరుసలోంచి తప్పించేశారు. చంకలో మనవరాలితో ఆమె ఒక పక్కన నిలబడి ఉంది.

“పొలం మునిగి, ఇల్లు పడిపోయిందంటున్నారు. ఎందుకు నవ్వావమ్మా?” అని అడిగాడు జోగన్న.

“ఏం చెప్పను నాయనా. ఇల్లు ఈ పిల్ల కళ్లముందే కూలింది. ఆనాటి నుంచి మాట పడిపోయింది. ఎంత పిలిచినా పలకదు. ఇందాక ఆ భటుడి మీసాలు చూసి, ‘మామ్మా, ఆ మామ మూతి మీద పిల్లి పడుకుంది’ అంది. నవ్వొచ్చేసింది. సాయం పోతే పోయింది, దాని గొంతు విన్నాను.”

జోగన్న కాసేపు పిల్ల తల నిమిరి, తిన్నగా కోటకు నడిచాడు.

రాజు భోజనానికి కూర్చుని ఉన్నాడు. మీసాల ముచ్చట ఒక్కటే ఎత్తుకుని, చిన్నపిల్ల గొంతుతో చెప్పాడు జోగన్న. రాజు పొలమారేదాకా నవ్వాడు.

మర్నాడు కొలువు మధ్యలో వాన అందుకుంది. కిరీటం మీదుగా రాజుగారి ముక్కు మీదికి నీళ్లు కారాయి. కప్పు బాగుచేస్తున్న పనివాళ్లలో ఒక్కడూ పైన లేడు.

“పని ఎవరు ఆపారు?”

“నేనే ప్రభూ” అన్నాడు జోగన్న. “నిన్న తమరు కడుపుబ్బా నవ్వారు. నవ్విన వారికి నష్టం లేదని తమ ఆజ్ఞ. నష్టమే లేనప్పుడు కప్పు దేనికని పనివాళ్లను పంపేశాను.”

“నవ్వినంత మాత్రాన పోయిన కప్పు తిరిగొస్తుందా?” అని కసిరాడు రాజు. అన్నాక తనే ఆగిపోయాడు.

అప్పుడు జోగన్న పైడమ్మ సంగతి చెప్పాడు. ఈసారి ఎవరి గొంతూ అనుకరించలేదు.

రాజు ముఖం తుడుచుకున్నాడు.

“ఆ పిల్ల ఇప్పుడు మాట్లాడుతోందా?”

“ఆపినా ఆగడం లేదట ప్రభూ. భటులందరూ మూతులు దాచుకు తిరుగుతున్నారు.”

రాజు ఫక్కున నవ్వాడు. వెంటనే ఆజ్ఞ రద్దుచేసి, వెనక్కి పంపిన రైతులందరినీ పిలిపించి సాయం ఇప్పించాడు. ముత్యాల హారం తీసి జోగన్న మెడలో వేశాడు. జోగన్న పనివాళ్లను పిలవబోతే వారించాడు.

“ముందు ఊళ్లలో ఇళ్లు కప్పనీ. మా సంగతి తర్వాత.”

వానలు వెలిసేదాకా ధవళకేతుడు గొడుగు కిందే కొలువు తీర్చాడు. ఆ గొడుగు పట్టే పని జోగన్నది.