కార్నర్ దగ్గరి గుంత

సుంకమ్మ దేశం తరఫున పదకొండేళ్లు హాకీ ఆడింది. ఆమె పేరు మీద ఒక్క గోలూ లేదు.

పెనాల్టీ కార్నర్ వస్తే గోలుపోస్టుకు పక్కగా గీత మీద నిలబడి, బంతిని ఎదురుగా ఉన్న తన జట్టువాళ్లకు నెట్టడం ఆమె పని. దాన్ని ఒకామె ఆపుతుంది, ఇంకొకామె గోలు కొడుతుంది. అందరూ పోయి ఆ కొట్టినామె మీద పడతారు. సుంకమ్మ పరిగెత్తుకుని చేరేసరికి గుంపు విడిపోతుంటుంది. సొమ్మొకరిది, సోకొకరిది.

రాబోయేది ఆఖరి టోర్నీ అని ఆమెకు తెలుసు. ఒక్క కార్నర్ నన్ను కొట్టనివ్వండి అని అడిగితే జట్టు కోచ్ నవ్వేశాడు. అలిగి, రెండు రోజులు సెలవు పెట్టి పత్తికొండ వచ్చేసింది. చిన్నప్పుడు తనకు స్టిక్ పట్టుకోవడం నేర్పిన మస్తాన్ సార్ ముందు కూర్చుంది.

"ఇంక క్యాంపుకు పోను సార్. ఒక్కసారన్నా స్టేడియంలో నా పేరు చదువుతుంటే వినాలనుంది. ఇన్నేండ్లు ఆడి ఏం మిగిల్చుకుంటి?" అంది.

మస్తాన్ సార్ ఓదార్చలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. మూలనున్న గంపా పారా తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"కార్నర్‌కు బంతి నెట్టేకాడ గుంత పడింది పాపా. వానొస్తే నీళ్లు నిలుస్తాండాయి. మన్ను పోసి పూడ్చిరాపో."

కడుపులో బాధ చెప్పుకుంటే కూలిపని చెప్తాడేం ఈ మనిషి, అనుకుంది సుంకమ్మ. అయినా ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగదు. గంప నింపుకుని గ్రౌండులోకి నడిచింది.

గీతకు అవతల ఉంది గుంత. జానెడు పొడవు, నాలుగు వేళ్ల లోతు. గంప దించి, ఊరికే కుడికాలు అందులో పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది.

ఎనిమిదేళ్లు, పొద్దున మూడొందల బంతులు, సాయంత్రం మూడొందలు. ఈ కాలు ఊని బంతి నెట్టింది ఇక్కడే. ఆమె ఊరు విడిచి ఎంతో కాలమైంది. కానీ గుంత అడుగున మట్టి తాజాగా ఉంది. అందులో ఇప్పటి పిల్లల చిన్న చిన్న బూట్ల గుర్తులు, ఒకదాని మీద ఒకటి.

కాలు మెల్లగా బయటికి తీసింది. గోలు కొట్టాలన్న ఆశ చావలేదు, గుండెలో అట్లాగే సలుపుతోంది.

నిండు గంపతోనే తిరిగొచ్చింది.

"పూడ్చినావా?"

"లేదు సార్."

మస్తాన్ సార్ గంప వైపు చూడనైనా లేదు.

"ఆ మన్ను తెచ్చినకాడనే పోసిరాపో. రేపు రైలెన్నింటికి?"

"ఆరింటికి సార్."